కంపెనీ లాయరు రాసిన కాగితం ఎవరెవరి చేతికి వెళ్తుంది?

అమ్మా, మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒంగోలు కోర్టులో ఆరేళ్లు ప్రాక్టీసు చేసి, మూడు నెలల కిందట నెల్లూరు దగ్గర రొయ్యల ఎగుమతి కంపెనీలో లీగల్ మేనేజరుగా చేరారు. ఒక లాటు సరుకులో నిషేధించిన యాంటీబయాటిక్ జాడ ఉందని ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఈ లాటు పంపితే ఇబ్బందని మీరు మెయిల్ పెట్టారు. ఎండీ గారు "మీరు మన లాయరే కదమ్మా, మన మధ్య మాట బయటికి పోదు కదా" అన్నారు. సాయంత్రానికి ప్లాంట్ మేనేజరు "ఆ మెయిల్ డిలీట్ చేయండి మేడమ్" అని వాట్సాప్ పెట్టాడు. బయటికి పోదన్నది నిజమేనా, డిలీట్ చేయొచ్చా, సనదు (లాయరుగా ప్రాక్టీసు చేసే అనుమతి) సంగతేమిటి, కొత్త లేబర్ కోడ్‌లు, వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఇన్నింటిలో ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను ఈ పనిలో ఇరవై మూడేళ్లుగా ఉన్నాను. మొదటి తొమ్మిదేళ్లు చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీలున్న కంపెనీలో, ఆ తర్వాత నెల్లూరులో రొయ్యల ప్లాంటులో. మీరున్న చోట నేనూ ఉన్నాను కాబట్టి ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ మెయిల్ బయటికి వెళ్లగలదు. దాన్ని డిలీట్ చేయకండి.

మొదట సనదు సంగతి చూద్దాం, మిగతా చిక్కంతా అక్కడి నుంచే వస్తుంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 49వ దాని ప్రకారం, ప్రాక్టీసు చేస్తున్న అడ్వకేటు పూర్తికాలం జీతానికి ఎక్కడా పనిచేయకూడదు. ఉద్యోగంలో చేరితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలియజేసి, ఉద్యోగం ఉన్నంతకాలం ప్రాక్టీసు ఆపాలి. ఆ ఉత్తరం రాశారో లేదో మీరు చెప్పలేదు. రాయకపోతే ఈ వారమే రాయండి. కంపెనీకి చెక్ బౌన్స్ కేసులు ఉంటాయి కదా, "మేడమ్, మీరే గౌను వేసుకుని నిలబడితే ఫీజు మిగులుతుంది" అని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. కంపెనీ తరఫున సాక్షిగా వెళ్లి చెప్పొచ్చు, వకాల్తా మాత్రం వేయకూడదు. ఇంకో మాట. ఎప్పటికైనా నేరుగా జిల్లా జడ్జి పరీక్ష రాయాలన్న కోరిక మీకు ఉంటే, దానికి ఏడేళ్ల ప్రాక్టీసు కావాలి. మీకు ఆరేళ్లే అయ్యాయి. ప్రాక్టీసు ఆపిన ఏళ్లు ఆ లెక్కలోకి రావు. అన్నీ తెలిసే వచ్చి ఉంటే మంచిదే. తెలియక వచ్చి ఉంటే ఇంట్లో కూర్చుని ఒకసారి ఆలోచించుకోండి.

ఇక ఎండీ గారి మాట. 2025 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు దీని మీద స్పష్టంగా తీర్పు చెప్పింది. దర్యాప్తు సంస్థలు లాయర్లకే సమన్లు పంపుతున్నాయని కోర్టు తనంతట తానుగా చేపట్టిన కేసు అది. క్లయింటు చెప్పిన మాటను లాయరు బయటపెట్టకుండా కాపాడే రక్షణ భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్‌లో ఉంది. అది కోర్టుల్లో ప్రాక్టీసు చేసే అడ్వకేట్లకే గానీ జీతం మీద పనిచేసే కంపెనీ లాయరుకు రాదని ఆ తీర్పులో చెప్పారు. 134వ సెక్షన్ కింద మాత్రం కొంత రక్షణ ఉంటుంది. కంపెనీ పెట్టుకున్న బయటి లాయరుతో మీరు జరిపే ఉత్తర ప్రత్యుత్తరాలకు అది వర్తిస్తుంది. మీకూ మీ ఎండీ గారికీ మధ్య నడిచిన వాటికి వర్తించదు. అమెరికా వాళ్లను చూసి మెయిల్ పైన 'ప్రివిలేజ్డ్' (బయటపెట్టకూడనిది) అని పెట్టుకోవడం మన దగ్గర కూడా అలవాటైంది. ఇక్కడ ఆ మాట వల్ల ఒరిగేదేమీ లేదు.

దీనికి భయపడి రాయడం మానేయకూడదు. రాసే తీరు మార్చుకోవాలి. నేను ఏ నోటు రాసినా దాన్ని రేపు ఇన్‌స్పెక్టరు చదువుతాడని, ఎల్లుండి జడ్జి గారు చదువుతారని అనుకునే రాస్తాను. జరిగింది ఏమిటి, చట్టం ఏమంటోంది, ఏం చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, ఇంతవరకే. "దొరికితే పెద్ద టెన్షన్", "పైకి తెలియకపోతే చాలు" లాంటి మాటలు మెయిల్‌లో ఎప్పుడూ వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. విషయం పెద్దదనిపిస్తే మొదటి రోజే బయటి లాయరును కలుపుకోండి. ముందు మనలో మనం పది మెయిళ్లు రాసుకుని, చివర్లో ఆయనకు పంపితే ఆ పదింటికీ రక్షణ రాదు. ల్యాబ్ రిపోర్టు లాంటి కాగితం ఎవరికి పంపినా అది కంపెనీ రికార్డే. లాయరు ఫైల్లో పెట్టినంత మాత్రాన రహస్యం అయిపోదు.

డిలీట్ విషయానికొస్తే, సాక్ష్యంగా అవసరం కాగల కాగితాన్ని గానీ ఎలక్ట్రానిక్ రికార్డును గానీ కోర్టుకు చేరకుండా చెరిపేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరం. మీరు తీసేసినా అది సర్వర్‌లో ఉంటుంది, ఎండీ గారి ఫోన్లో ఉంటుంది, తీసేయమన్న మెసేజి మేనేజరు ఫోన్లో ఉంటుంది. సరుకు గురించి మొదట హెచ్చరించిన మనిషే చివరికి రికార్డు చెరిపిన మనిషిగా మిగిలిపోతారు. పైగా రేపు మిమ్మల్ని కాపాడేది ఆ మెయిలే. దాన్ని హెడర్లతో (ఎవరు, ఎవరికి, ఎప్పుడు పంపారో చూపే వివరాలతో) సహా భద్రం చేయించండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో చూపడానికి సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌కు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు సంఖ్య) అడుగుతారు కాబట్టి ఐటీ కుర్రాడి చేత ఇప్పుడే తీయించి పెట్టుకుంటే మంచిది.

మీ అసలు బాధ చట్టం తెలియక వచ్చింది కాదనుకుంటాను. జీతం ఇచ్చే మనిషికి ఎదురుగా కూర్చుని కుదరదని ఎలా చెప్పాలన్నది మీ బాధ. నాకు జరిగింది చెప్తాను. రొయ్యల కంపెనీలో నా రెండో ఏడు. విడవలూరు వైపు కొన్ని రొయ్యల గుంటలు కౌలుకు తీసుకున్నారు, ఏప్రిల్ నుంచి నోటిమాట మీదే నడుస్తోంది. జులైలో ఆ రైతు అన్నదమ్ముల మధ్య తగాదా వచ్చింది. ఒప్పందం ఏప్రిల్ తేదీతో రాసెయ్యమన్నారు మా ఎండీ. గుమాస్తా వంద రూపాయల స్టాంపు పేపరు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వెనక్కి తిప్పి చూశాను. వెండరు ముద్ర, వరస నంబరు, కొన్నవాళ్ల పేరు, ఆ రోజు తేదీ నీలం ఇంకుతో స్పష్టంగా ఉన్నాయి. ఏప్రిల్‌లో రాసుకున్న ఒప్పందం జులైలో కొన్న పేపరు మీద ఎలా ఉంటుందని అడిగాను. "పాత పేపరు తెప్పిస్తాలే" అన్నారు. అది ఇంకా పెద్ద తప్పవుతుందన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి, "ఏందయ్యా లాయరూ, నువ్వు మనోడివా, ఆ రైతు మనిషివా?" అని అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు అన్నీ గుర్తొచ్చాయి.

మర్నాడు పొద్దున్నే ఒక పేజీ రాసి పట్టుకెళ్లాను. తేదీ ఆ రోజుదే వేశాను. లోపల మాత్రం 'ఫలానా ఏప్రిల్ నుంచి నోటిమాటగా నడుస్తున్న కౌలును ఉభయులం ఒప్పుకుంటూ, ఆ షరతులను ఈ రోజు రాసుకుంటున్నాం' అని ఒక వాక్యం పెట్టాను. రైతును, ఆయన అన్నదమ్ములను పిలిపించి అందరి ముందూ చదివి వినిపించాను. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఎండీ కూడా ఏమీ అనకుండా సంతకం పెట్టారు. రెండేళ్ల తర్వాత వేరే గొడవలో ఆ కాగితం నెల్లూరు కోర్టుకు వెళ్లింది. అవతలి లాయరు దాన్ని చేతిలోకి తీసుకుని చేసిన మొదటి పని వెనక్కి తిప్పి వెండరు తేదీ చూడటం. చూసి, ముందుకు తిప్పి, కింద పెట్టేశాడు. దాని మీద ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. మనం కుదరదన్నప్పుడు, కుదిరే దారి ఇంకొకటి చేతిలో పట్టుకుని వెళ్తే సగం కోపం అక్కడే చల్లారుతుంది. ఏ దారీ లేనప్పుడు కుదరదన్నమాటే చెప్పాలి, రాతలో చెప్పాలి. మీరు కంపెనీకి లాయరు. ఎండీ గారు కంపెనీలో ఒకరు, ఆయనకు పైన బోర్డు ఉంది. ఆయన వినకపోతే కంపెనీ సెక్రటరీ ద్వారా విషయం బోర్డు ముందుకు వెళ్లాలి. అది ఆయన మీద చాడీ చెప్పడం అవ్వదు.

మామూళ్ల గురించి మీరు అడగలేదు, కానీ మూడు నెలల్లో ఆ వోచరు మీ బల్ల మీదకు వచ్చే ఉంటుంది. 'ఆఫీసు ఖర్చులు' అని రాసి, ఎవరికి ఇచ్చారో రాయరు, ఏదో ఒక శాఖ మనుషులు వచ్చి వెళ్లిన రోజు తేదీ ఉంటుంది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇచ్చినవాడూ నేరుగా నేరస్థుడే, శిక్ష ఏడేళ్ల దాకా పడొచ్చు. బలవంతం మీద ఇచ్చామంటే ఏడు రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పి ఉండాలి. 9వ సెక్షన్ కింద కంపెనీ మీదే కేసు వస్తుంది. 10వ సెక్షన్ ప్రకారం తెలిసి ఒప్పుకున్న డైరెక్టరు, మేనేజరు, సెక్రటరీ, ఇతర అధికారులు కూడా బాధ్యులే, అక్కడ కనీస శిక్ష మూడేళ్లు. ఆ వోచరు మీద మీ సంతకం పడనివ్వకండి. కంపెనీ తనను తాను కాపాడుకోవాలంటే ఇలాంటివి జరగకుండా తగిన ఏర్పాట్లు ముందే ఉన్నాయని చూపించుకోవాలి. ఆ ఏర్పాట్లు రాసి పెట్టే పని మీదే. ఎండీ గారు దీన్ని వినే రోజు తప్పక వస్తుంది, ఎందుకంటే ఇది ఆయన సొంత మెడకు సంబంధించిన విషయం.

లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. నాలుగు కోడ్‌లూ ఒకేసారి చదవబోతే తల తిరుగుతుంది. మీ ప్లాంటులో మొదట పీలింగ్ షెడ్డుకు వెళ్లండి. తెల్లవారుజామున వ్యాన్లలో దిగే ఆడవాళ్లలో ఎంతమంది కంపెనీ రోల్స్‌లో ఉన్నారు, ఎంతమంది మేస్త్రి మనుషులు అన్నది మీరే స్వయంగా లెక్కపెట్టుకోండి. హెచ్‌ఆర్ ఇచ్చిన షీటును నమ్ముకోవద్దు. కాంట్రాక్టు కార్మికులు యాభై మంది, అంతకు మించి ఉన్నచోట, సంస్థ ముఖ్యమైన పనిలో కాంట్రాక్టు లేబరును పెట్టకూడదని కొత్త కోడ్ అంటోంది. రొయ్యల ప్లాంటుకు తల తీయడం, పొట్టు వలవడం, గ్రేడింగ్ కంటే ముఖ్యమైన పని ఏముంటుంది? మినహాయింపులు ఉన్నాయి. ఆ పని మామూలుగా కాంట్రాక్టరు ద్వారానే జరిగే రకమైతే, రోజులో ఎక్కువ భాగం మనిషి అవసరం లేనిదైతే, హఠాత్తుగా పని పెరిగి గడువులోగా ముగించాల్సి వస్తే వాటిలోకి రావచ్చు. మీ కంపెనీ ఏ మినహాయింపు కింద ఉందో బయటి లేబర్ లాయరు చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. మేస్త్రి కూలి ఎగ్గొడితే కట్టాల్సింది కంపెనీయే. ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వాలి. అలవెన్సులన్నీ కలిపి మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేర వేతనంలో కలిసి పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలు మారతాయి. మానేసినా తీసేసినా రెండు పని రోజుల్లో బాకీ తీర్చాలి. రాత్రి షిఫ్టుకు ఆడవాళ్ల ఒప్పుదల ఉండాలి, భద్రతకూ ఇంటికి చేరడానికీ ఏర్పాటు ఉండాలి.

ఆ షెడ్డులో ఇంకో పని కూడా ఉంది. 2013 నాటి లైంగిక వేధింపుల నివారణ చట్టం కింద పదిమంది పనిచేసే ఏ చోటైనా అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షురాలు, సగం మంది ఆడవాళ్లు, ఒకరు బయటి సభ్యులు. చాలా ప్లాంట్లలో ఈ కమిటీ ఆఫీసు గోడ మీద ఇంగ్లీషు కాగితంలోనే ఉంటుంది. పొట్టు వలిచే మనిషి ఆ గోడ వైపు ఎప్పుడూ రాదు. మేస్త్రి ద్వారా వచ్చిన ఆమెకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది. నేను షెడ్డు గేటు దగ్గర, చేతులు కడుక్కునే తొట్టి పైన, తెలుగులో పేర్లు, ఫోను నంబర్లు రాయించాను. ఆరు నెలల దాకా ఎవరూ రాలేదు. ఆ తర్వాత ఒకామె వచ్చింది, వ్యాను డ్రైవరు గురించి. జరిగిన మూడు నెలల్లోపే వచ్చింది కాబట్టి గడువు చిక్కు లేకపోయింది, తొంభై రోజుల్లో విచారణ ముగించాం. నా ఇన్నేళ్ల పనిలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన ఫైలు అది.

ఎగుమతి ఒప్పందాలకు వద్దాం. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు, ఈ జిల్లాలో చెరువు గట్టు మీద కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటు పడిపోవడం అందరం చూశాం. ఆఫీసుల్లో ఆ రాత్రి వెతికింది ఒకటే, ఒప్పందంలో డెలివరీ షరతు ఏమిటని. డీడీపీ (సుంకం కట్టి కొనేవాడి చోటికి చేర్చడం) అని ఉంటే సుంకం కట్టాల్సింది అమ్మినవాడు. మనవాళ్లు అమెరికాకు చాలా సరుకు డీడీపీ మీదే అమ్ముతారు. ఫోర్స్ మెజూర్ (మన చేతిలో లేని ఆపద వచ్చింది) అని తప్పించుకోవచ్చా అని అప్పుడు నన్ను చాలామంది అడిగారు. ఖర్చు పెరిగినంత మాత్రాన కుదరదు. దీనికి దగ్గరి ఉదాహరణ మన కృష్ణపట్నమే. 2010లో ఇండోనేషియా బొగ్గు ధరల నిబంధన మార్చడంతో, ఆ బొగ్గును నమ్ముకున్న 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా విద్యుత్ ప్రాజెక్టు ఇక్కడ ఆగిపోయింది. అదే బొగ్గు ధర మీద గుజరాత్ ప్రాజెక్టుల కేసులో 2017లో సుప్రీంకోర్టు, ధర పెరగడం ఒప్పందాన్ని రద్దు చేసే కారణం కాదని తేల్చింది. కాబట్టి కొత్త ఒప్పందాల్లో సుంకం మారితే ఎవరు ఎంత భరించాలో ఒక వాక్యం రాయించండి. వివాదం వస్తే ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) సీటు, అంటే చట్టపరంగా దాని కేంద్రం, ఏ ఊరో కూడా అప్పుడే తేల్చుకోండి. కొనేవాడు ఒప్పుకోకపోయినా, అడిగామన్న మెయిల్ ఉండాలి.

మిగతావి త్వరగా చెప్తాను. ఐస్ ఫ్యాక్టరీ, అట్టపెట్టెల వాళ్లు సూక్ష్మ, చిన్న పరిశ్రమలుగా నమోదై ఉంటే 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. డేటా చట్టం నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి. భద్రత లోపిస్తే జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు. మీ దగ్గర మొదలుపెట్టాల్సింది కొనుగోలు విభాగం వాట్సాప్ గ్రూపులతో. రైతుల ఆధార్ కాపీలు, పాసుపుస్తకాల ఫొటోలు ఏళ్ల తరబడి అందులో తిరుగుతుంటాయి. అదే విభాగం బీరువాలో మేత, సీడు (రొయ్య పిల్లల) అడ్వాన్సులకు తీసుకున్న రైతుల ఖాళీ చెక్కులు ఉంటాయి. వాటికి రిజిస్టరు పెట్టండి. బాకీ తీరిన రోజే చెక్కు వెనక్కి ఇప్పించండి. తీరిన బాకీకి చెక్కు వేసే కంపెనీ దగ్గర మీరు పనిచేయకూడదు.

ఇప్పుడు ఆ లాటు సంగతి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటివాటికి 'కొంచెమే ఉంది' అన్న వాదన పనికిరాదు. అవి పెంపకంలో పూర్తిగా నిషేధం. 2016లో యూరోపియన్ యూనియన్ మన పెంపకపు రొయ్యల్లో పరీక్షించే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. అంటే పంపిన ప్రతి రెండు సరుకుల్లో ఒకదాన్ని అక్కడ పరీక్షించాలన్నమాట. దొరికితే పేరు దేశాలన్నీ చూసే హెచ్చరికల జాబితాకు ఎక్కుతుంది, ఆ కంపెనీకే పరిమితమై ఆగదు. అలాంటి వార్త వచ్చిన వారమల్లా ఇందుకూరుపేటలో, కోటలో, అల్లూరులో చిన్న రైతుకు రేటు తెగుతుంది. ఎండీ గారికి చట్టం సెక్షన్లు చెప్పకండి, ఈ లెక్క చెప్పండి. ఒక లాటు నష్టం ఎంత, ఏడాది ఆర్డర్లు పోతే ఎంత అన్నది అకౌంట్స్ వాళ్ల చేత ఒకే కాగితం మీద రాయించి ఆయన ముందు పెట్టండి. అదే లాటు నమూనాను మరో గుర్తింపు పొందిన ల్యాబ్‌కు పంపడం తప్పు కాదు. మొదటి రిపోర్టు దాచిపెట్టి రెండోది చూపడం తప్పు. సరుకు ఏ చెరువు నుంచి వచ్చిందో, ఆ చెరువుకు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో కొనుగోలు రికార్డులో ఈ రోజే చూడండి. బయటి లాయరుకు ఈ రోజే ఫోన్ చేయండి.

మేనేజరుకు వాట్సాప్‌లో జవాబివ్వకండి. మెయిల్‌లో, ఎండీ గారికి కాపీ పెట్టి, ఇలా రాయండి: 'మేనేజరు గారూ, ఆ మెయిల్, ల్యాబ్ రిపోర్టు కంపెనీ రికార్డులు, వాటిని తీసేయడం కుదరదు. బయటి లాయరు సలహా వచ్చేదాకా ఈ లాటును విడిగా ఉంచి, హోల్డ్ బోర్డు పెట్టించండి. అది ఏ కోల్డ్ స్టోరులో, ఏ వరసలో ఉందో, ఎన్ని కార్టన్లో సాయంత్రం ఐదులోపు రాసి, ఫొటోతో పంపించండి.'